సరంగు

ఇరాన్ సైన్యంలో ఈనాటికీ 'సర్‌హంగ్' ఒక పెద్ద హోదా. మన లెక్కలో కల్నల్. అదే మాట గోదావరి మీద 'సరంగు' అయింది. భద్రాచలం నుంచి పాపికొండల దాకా ఏ రేవులో అడిగినా సరంగు అంటే లాంచీ నడిపే మనిషి. చుక్కాని చక్రం మీద చేతులు, నీటి మీద చూపు. ఎక్కడ ఇసుక మేట వేసింది, ఎక్కడ రాయి దాగింది, ఎక్కడ సుడి తిరుగుతోంది అన్నది నీటి రంగును బట్టి, పై మడతను బట్టి పోల్చుకుంటాడు. ఒక సేనాధిపతి పేరు ఈ మనిషికి ఎట్లా వచ్చింది? సముద్రానికి నూటయాభై కిలోమీటర్లకు పైగా ఎగువన, అడవి అంచున ఉన్న ఈ రేవుకు ఓడల మాట ఎట్లా చేరింది?

మాటను విప్పితే మొదటి సగం మనకు బాగా ఎరుకైనదే. ఫారసీలో 'సర్' అంటే తల. సర్కారు, సర్దారు, సర్పంచ్ అన్నిటి ముందూ ఉన్నది ఆ తలే. భద్రాచలం ఉన్న ఈ ఖమ్మం ప్రాంతంవాళ్లకు బతుకంతా తెలిసిన 'సరిహద్దు'లో ఉన్నదీ అదే. సరిహద్దు అన్నది 'సరి'తో మొదలవుతుంది కదా అని తెలుగుమాట అనుకుంటాం గానీ అది సర్-హద్, హద్దుకు తల. సరంగు కూడా ఈ కుటుంబపు మాటే. కాకపోతే దాని తోబుట్టువులన్నీ నేల మీద నడిచి వచ్చాయి, ఇది ఒక్కటీ నీటి మీద వచ్చింది.

ఈ తేడా చిన్నది కాదు. ఖమ్మం ప్రాంతానికి ఫారసీ మాటలు వచ్చిన పెద్దబాట గోలకొండ నుంచి, ఆ తర్వాత హైదరాబాదు నుంచి. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారు. భద్రాచలం గుడి కట్టించింది ఆ ఉద్యోగంలో ఉండగానే. గోలకొండ చెరసాలకు పోయిందీ ఆ ఉద్యోగపు లెక్కల వల్లనే. తహశీలు, జమాబందీ, దస్తావేజు, దరఖాస్తు, ఫర్మానా, ఖైదు: ఆ కథ చెప్పడానికి ఇవేవీ లేకుండా కుదరదు. ఇవన్నీ కాగితం మీద, ముద్ర కింద, గుర్రం మీద వచ్చిన మాటలు. పైనుంచి కిందికి వచ్చిన మాటలు. జనం వాటిని వినక తప్పక నేర్చుకున్నారు.

సరంగు, లంగరు, చుక్కాని, కళాసీ అట్లా రాలేదు. ఏ దఫ్తరూ వాటిని పంపలేదు. ఓడ మీద పక్కపక్కన నిలబడి ఒకే తాడు లాగిన మనుషుల నోటినుంచి వచ్చాయి. రేవు నుంచి రేవుకు, కడలి నుంచి కాలువకు, కాలువ నుంచి ఏటికి, ఏటి వాలుకు ఎదురెక్కి వచ్చాయి. ఒకే ఫారసీ భాష భద్రాచలానికి రెండు దారుల్లో చేరింది. నేలదారిన ఏలుబడి మాట, నీటిదారిన పనిమాట. రెండూ కలిసింది ఈ గోదావరి ఒడ్డునే.

నీటిదారి ఆనవాలు అబుల్ ఫజల్ రాసిన 'ఐన్-ఇ-అక్బరీ'లో దొరుకుతుంది. పదహారో శతాబ్దం చివర రాసిన ఆ గ్రంథంలో పెద్ద ఓడ మీద ఉండే పన్నెండు రకాల పనివాళ్ల జాబితా ఉంది. ఓడ యజమాని నాఖుదా. లోతులూ నక్షత్రాలూ తెలిసి దారి చెప్పేవాడు ముఅల్లిమ్. ఖలాసీల మీద పెద్ద తండేల్. ఓడను రేవుకు చేర్చడం, తీరం నుంచి తీసుకుపోవడం చూసుకునేవాడు సర్‌హంగ్. చాలాసార్లు ముఅల్లిమ్ పని కూడా ఇతనే చేస్తాడని అబుల్ ఫజల్ చెప్తాడు. సరుకుల గది చూసేవాడు భండారీ. లెక్కలు రాసి, నీళ్లు కొలిచి ఇచ్చేవాడు కర్రానీ. చుక్కాని పట్టేవాడు సుక్కాన్‌గీర్. స్తంభం చివరకెక్కి నేల కోసం, ఎదురు ఓడ కోసం, తుఫాను కోసం కనిపెట్టేవాడు పంజరీ. ఓడలోకి ఊరిన నీళ్లు తోడిపోసేవాడు గుమ్తీ. ఆ చివర ఫిరంగి పేల్చేవాడు, మామూలు నావికుడు.

ఈ జాబితా చదువుతుంటే ఒక విషయం మనసులో నాటుకుపోతుంది. నాలుగువందల ఏళ్ల కిందటి ఆ ఓడలు మునిగాయి, పుచ్చాయి, విరిగాయి. వాటి ఉద్యోగాల పేర్లలో కొన్ని మాత్రం తెలుగు నోళ్లలో పదిలంగా ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' సినిమా వచ్చినప్పుడు చాలామంది ఆ పేరుకు అర్థమేమిటని అడిగారు. గుజరాత్ తీరంలో చేపలవేటకు పోయి 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల కథ అది. పడవకు పెద్ద తండేలు. శ్రీకాకుళంవాళ్లకు ఇది గుజరాత్ నుంచి కొత్తగా దిగుమతైన మాట అనుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ మాటకు మలయాళం, మరాఠీ రూపాలతో పాటు తెలుగు 'తండేలు'ను కూడా చూపించింది. అబుల్ ఫజల్ జాబితాలో దగ్గరదగ్గరగా నిలబడ్డ తండేలూ సరంగూ తెలుగునేల మీదికి వచ్చి చెరోదారి పట్టారు. తండేలు ఉత్తరాంధ్ర ఉప్పునీటి మీద ఉండిపోయాడు. సరంగు గోదావరిలోకి తిరిగి తీయటినీటి మీద ఎగువకు వచ్చాడు.

సుక్కాన్‌గీర్‌లోని 'సుక్కాన్' అరబ్బీ మాట. దాన్నుంచే మన చుక్కాని. చుక్కల్ని చూసి ఓడ నడుపుతారు కాబట్టి చుక్కాని అయిందని ఒక మాట వాడుకలో ఉంది. అందమైన ఊహే, కానీ నిజం కాదు. తమిళంలో ఇదే మాట సుక్కాన్, అక్కడ చుక్కలతో దానికి పనిలేదు. అయినా ఆ ఊహను నేను తీసిపారేయను. పరాయి మాట ఒకటి ఇంట్లోకి వచ్చినప్పుడు ఇంటివాళ్లు దానికి ఒక చుట్టరికం కలుపుతారు. చుక్కానికి చుక్కతో కలిపిన చుట్టరికం అటువంటిది. ఆ మాటను అక్కున చేర్చుకున్నారనడానికి అంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

లంగరుది వేరే కథ. ఫారసీ 'లంగర్' కూడా తెలుగులోకి రెండు దారుల్లో వచ్చింది. నీటిదారిన వచ్చింది ఓడను నిలబెట్టే ఇనుప కొక్కెం. నేలదారిన వచ్చింది అన్నదానం, గొలుసు. హైదరాబాదులో మొహర్రం రోజుల్లో లంగరు ఊరేగింపు జరిగేది. ఏనుగు మీద కనపడకుండా పోయిన కొడుకు తిరిగివస్తే బంగారు గొలుసు సమర్పిస్తానని కుతుబ్‌షాహీ రాణి హయత్ బక్షీ బేగం మొక్కుకుందని దాని వెనక కథ చెప్తారు. హైదరాబాదువాడికి లంగరు అంటే ఊరేగింపూ, దానమూ. గోదావరివాడికి లంగరు అంటే తాడు చివర కట్టిన బరువు.

లష్కర్ మాట మరీ తమాషాగా రెండుగా చీలింది. ఫారసీలో లష్కర్ అంటే సైన్యం. సైన్యం దిగిన చోటు కాబట్టి సికింద్రాబాదు లష్కర్ అయింది, అక్కడి బోనాలు లష్కర్ బోనాలయ్యాయి. అది నేలదారి. అదే మాటను పోర్చుగీసువాళ్లు తీసుకొని తమ ఆసియా సిపాయిలకు, నావికులకు పెట్టారు, ఇంగ్లీషువాళ్లు దాన్ని 'లాస్కర్' చేసి ఆసియా నావికులందరినీ ఆ పేరుతో పిలిచారు. ఓడపనివాడే కాదు, ఫిరంగి దగ్గర సాయం చేసేవాడూ గుడారం పాతేవాడూ లాస్కరే. చివరికి ఇరిగేషన్ శాఖలోకి ఆ మాట జారింది. ఇవాళ సాగర్ ఎడమకాలువ పారే ఖమ్మం పల్లెల్లో తూము తలుపులు ఎత్తి దించి, గట్లు చూసుకునే మనిషిని లష్కర్ అంటారు. సైన్యం అన్న అర్థం అతని దగ్గరకు వచ్చేసరికి పూర్తిగా అరిగిపోయింది. మిగిలింది నీరు, తలుపు, రాత్రి కాపలా.

చూడండి: సర్‌హంగ్ సేనాని, లష్కర్ సేన. ఓడ ఎక్కాక ఇద్దరూ కత్తులు వదిలి తాళ్లు పట్టుకున్నారు.

ఓడల భాష అనగానే ప్రపంచానికి సముద్రపు దొంగలు గుర్తుకొస్తారు. గుడ్డికంటికి గుడ్డ, భుజం మీద చిలుక, గొంతులో 'ఆర్ర్' అనే గురగుర. ఆ గురగురకు మూలం దొంగల ఓడ కాదు. 1950లో వచ్చిన 'ట్రెజర్ ఐలాండ్' సినిమాలో రాబర్ట్ న్యూటన్ అనే నటుడు లాంగ్ జాన్ సిల్వర్ వేషం వేశాడు. ఆయన ఇంగ్లాండులో డోర్సెట్ ప్రాంతంవాడు. తన పడమటి యాసనే సాగదీసి పలికాడు. తర్వాత వచ్చిన ప్రతి దొంగా ఆ యాసలోనే మాట్లాడాడు. నిజానికి దొంగలకు వేరే భాష ఉండే అవకాశం తక్కువ. దోచినవాడూ, దోపిడీకి గురైనవాడూ ఒకే రకం ఓడ ఎక్కినవాళ్లు. నిన్న వర్తకుడి ఓడలో తాడు లాగినవాడు ఇవాళ దొంగల ఓడలో లాగేవాడు. తెరచాప దించమనే కేక రెండు చోట్లా ఒకటే.

దొంగ ఎవరన్నది కూడా అంత తేలిక ప్రశ్న కాదు. ఖమ్మాన్ని ఏలిన కాకతీయుల కాలానికే పోదాం. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఇంతకుముందు రాజులు, తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారని ఆ శాసనమే ఒప్పుకుంటుంది. ప్రాణం కంటె ధనం గొప్పదనుకొని సముద్రం మీద సాహసం చేసినవాళ్ల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వాళ్లకే వదిలేస్తున్నామని రాజు మాట ఇస్తాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఒడ్డున కిరీటం పెట్టుకొని చేసిన దోపిడీకి మన భాషలో పేరు లేదు. సముద్రం మీద చేసినవాణ్ణి మాత్రం ఓడదొంగ అన్నాం. ఈ శాసనం నాకు ఇష్టం కావడానికి కారణం అందులోని దయ ఒక్కటే కాదు. పాత అలవాటును పేరు పెట్టి చెప్పిన నిజాయితీ కూడా.

అసలైన ఓడభాష ఎట్లా ఉండేదో తెలుసుకోవాలంటే సినిమా కంటె మంచి చోటు ఉంది. 1811లో కలకత్తాలో థామస్ రోబక్ ఇంగ్లీషు-హిందుస్తానీ నౌకా నిఘంటువు అచ్చువేశాడు. లాస్కర్లకు ఆజ్ఞలివ్వడం ఇంగ్లీషు దొరలకు చేతకాక, వాళ్ల మాటలు తామే నేర్చుకోవలసి వచ్చి వేసిన పుస్తకం అది. దాని తర్వాతి కూర్పుకు 'లష్కరీ నిఘంటువు' అనే పేరు స్థిరపడింది. అందులో ఫారసీ, అరబ్బీ, హిందుస్తానీ, పోర్చుగీసు, ఇంగ్లీషు అన్నీ కలిసి ఉంటాయి. పోర్చుగీసులో 'అర్రియార్' అంటే దించడం, తెరచాపనో జెండానో. ఆ మాట లాస్కర్ల నోట 'ఆరియా' అయింది. తెరచాపలు పోయాయి, ఓడలు పోయాయి. క్రేన్ల కింద బరువులెత్తించే ఖలాసీలు మాత్రం నేటికీ 'ఆరియా' అని అరిస్తే బరువు కిందికి దిగుతుంది. అయిదువందల ఏళ్ల కిందటి లిస్బన్ నావికుడి కేక అది.

ఈ కలగలుపు భాషలో తెలుగువాడి చెయ్యి లేదా? ఉంది, చాలా ఉంది. పదిహేడో శతాబ్దంలో బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురం రేవు గురించి రాస్తూ అక్కడి కలప సమృద్ధిని, ఓడలు కట్టే పనివాళ్లను మెచ్చుకున్నాడు. నరసాపురంలోనూ, ఆ తర్వాత కోరంగిలోనూ ఓడలు తయారయ్యేవి. కలప గోదావరి మీద దిగువకు వచ్చేది. రేకపల్లి, భద్రాచలం అడవుల్లో నరికిన టేకు దూలాలను తెప్పలుగా కట్టి ఏటి వాలుకు వదిలేవారు. అమరకోశం ఓడస్తంభానికి రెండు పేర్లు చెప్తుంది: కూపకం, గుణవృక్షకం. గుణం అంటే తాడు. తాళ్లు మోసే చెట్టు. ఈ మాట నన్ను పట్టుకొని వదలదు. ఇక్కడి అడవిలో ఆకులు మోసిన చెట్టు కోరంగి చేరి తాళ్లు మోసింది. మనుషుల మాటలు సముద్రం నుంచి ఎగువకు వస్తే, ఆ మాటలు పలికిన ఓడల మేను అడవి నుంచి దిగువకు పోయింది.

కోరంగి వైభవం నిలవలేదు. 1789లో ఒక ఉప్పెన, 1839లో మరొకటి. 'సైక్లోన్' అనే మాటను 1840లలో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తుఫానుల మీద చేసిన పరిశీలనల్లో కోరంగి ఉప్పెన కూడా ఉంది. ఆ రేవు పోయినా బర్మాలో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అన్న పేరు మిగిలింది.

ఇచ్చిపుచ్చుకోవడంలో ద్రావిడ భాషల వాటా ఇంకొకటి చెప్పుకోవాలి. తెలుగులో సంగడి అంటే దగ్గరితనం, సంగడీడు అంటే చెలికాడు. దీనికి దగ్గరి మాట మలయాళంలో చంగాతి, స్నేహితుడే. దుంగలు జోడించి కట్టిన తెప్ప అక్కడ చంగాడం. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్' మన తూర్పుతీరంలో దుంగలు జోడించి కట్టిన 'సంగర' అనే పడవల్ని పేర్కొంది. పోర్చుగీసువాళ్లు ఈ మాటను 'జంగడ' చేసుకొని అట్లాంటిక్ దాటించారు. బ్రెజిల్ ఈశాన్య తీరంలో జాలర్లు ఇప్పటికీ వాడే తెప్ప పేరు జంగడ. రెండు దుంగల్ని కలిపి కట్టడానికీ, ఇద్దరు మనుషులు కలిసి ఉండడానికీ ఒకే వేరు నుంచి మాట పుట్టిందంటే, ఆ మాట పుట్టించినవాళ్లు ఏరు దాటినవాళ్లే అయివుంటారు.

ఇక మన రేవుకు వద్దాం. 1860లో నిజాంతో జరిగిన ఒప్పందం ప్రకారం గోదావరి ఎడమగట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాయి. భద్రాచలం అటు, బూర్గంపాడు ఇటు. ఏరు సరిహద్దయింది. ఆ ఒప్పందంలోనే గోదావరి మీద రాకపోకలకు ఎవరూ సుంకం వేయరాదన్న షరతు కూడా ఉంది. దాని వెనక ఉన్నది ఆర్థర్ కాటన్ కల. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. ఎగువ గోదావరిని కూడా పడవదారి చేసి నాగపూర్ వైపు పత్తిని నీటి మీదుగా కోరంగి కడలికి చేర్చాలన్నది ఆయన పట్టుదల. హేగ్ అనే ఇంజినీరు చేతుల మీద దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకులు లేచాయి. రైలు వచ్చేసింది, ఖర్చు పెరిగింది. 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. ఓడరేవుల మాటలు అడవి అంచుదాకా చేరడానికి ఆ ఏళ్ల పడవల రాకపోకలు ఎంతో దోహదం చేసి ఉంటాయని నా నమ్మకం. ఆనకట్టకు తమిళ రూపమైన 'అణైకట్టు' ఇంగ్లీషులోకి పోయి 'అనికట్' అయింది. 'లాక్' తెలుగులోకి వచ్చి లాకు అయింది. పని జరిగే చోట మాటలు ఇట్లానే చేతులు మారతాయి.

ఆ దుమ్ముగూడెంలోనే జాన్ కెయిన్ అనే మిషనరీ ఉండేవాడు. 1876 నుంచి కొన్నేళ్లపాటు 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల గురించి, వాళ్ల భాష గురించి రాశాడు. ఈ ప్రాంతపు మాటలను పట్టించుకొని కాగితం మీద పెట్టిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

తర్వాత ఆవిరి లాంచీలు, డీజిల్ లాంచీలు. లాంచీ మాట కూడా ప్రయాణికురాలే: మలయ్ భాషలో వేగంగా పోయే పడవ 'లంచారన్', పోర్చుగీసులో 'లంచా', ఇంగ్లీషులో 'లాంచ్' అని నిఘంటువులు చెప్తాయి. తెలుగులోకి వచ్చేసరికి చివర ఒక దీర్ఘం చేరి ముద్దుగా లాంచీ. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ ప్రయాణం ఒకప్పుడు యాత్రికుల రాజమార్గం. బాపు-రమణల 'అందాల రాముడు' (1973) ఆ ప్రయాణం మీదే నడిచింది, శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) కూడా. భద్రాచలం దగ్గర వంతెన 1965లో వచ్చింది. ఆ తర్వాత రేవు మెల్లగా పల్చబడింది.

1917 నాటి ఇన్‌లాండ్ స్టీమ్ వెసల్స్ చట్టం ఇచ్చిన యోగ్యతాపత్రాల్లో 'సెరాంగ్' పేరున ఒకటి ఉండేది. అంటే ఈ మాటను ఒకప్పుడు చట్టం కూడా గుర్తించింది. పరీక్ష పాసై, ముద్ర వేసిన కాగితం అందుకొని మనిషి సరంగు అయ్యేవాడు. నీటి దారిన వచ్చిన పనిమాటకు చివరికి సర్కారు కాగితం మీద చోటు దొరికింది. సముద్రం మీద సెరాంగుల పేరు మచ్చలేనిది కాదు. లాస్కర్లను ఓడల్లోకి కూర్చేది, జీతాలు పంచేది వాళ్లే కావడంతో కింది మనుషుల డబ్బులో వాటా కోసుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఏటి మీద సరంగుకు అంత పెత్తనం లేదు. ఒక లాంచీ, ఇద్దరు ముగ్గురు కళాసీలు, యజమాని వేరే ఎక్కడో. బాధ్యత మటుకు అంతా అతనిదే.

ఇక్కడే నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచే సంగతి ఉంది. సంస్కృతంలో పడవ నడిపేవాడు కర్ణధారుడు. కర్ణం అంటే చుక్కాని కూడా. ఆ మాట తెలుగులో ఇప్పుడు పడవ మీద లేదు. సంస్థల కర్ణధారులు, పార్టీల కర్ణధారులు, జాతి కర్ణధారులు: సన్మానపత్రాల్లో, పత్రికల్లో మాత్రమే కనిపిస్తుంది. సేనాధిపతి అన్న అర్థం ఉన్న సర్‌హంగ్ మటుకు చుక్కాని పట్టుకొని కూర్చున్నాడు. ఒకటి పడవ దిగి పీఠమెక్కింది, ఒకటి పీఠం దిగి పడవెక్కింది. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్నమాట మాటల విషయంలో ఇంత అక్షరాలా నిజం కావడం నేను మరోచోట చూడలేదు. పడవ దిగి పీఠమెక్కడం గ్రీకుల్లోనూ జరిగింది. వాళ్ల 'కుబెర్నేటేస్' చుక్కాని పట్టేవాడు. లాటిన్ మీదుగా ఇంగ్లీషు చేరి గవర్నర్ అయ్యాడు. 1948లో గణితవేత్త నోర్బర్ట్ వీనర్ అదే గ్రీకు మాట నుంచి 'సైబర్నెటిక్స్' తీశాడు. ఇవాళ మనం రోజూ అనే సైబర్ నేరాల 'సైబర్' అక్కడిదే.

ఇట్లా కొన్ని భాషలు పడవవాడి పేరును పాలకుడికి ఇచ్చాయి. పాలకుడి పేరు పడవవాడికి దక్కడం అరుదు. మన గోదావరి మీద అది దక్కింది. 'ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య' అని సామెత చెప్పుకున్న సమాజం మనది. పడవవాడికి మర్యాద రేవు దాటేవరకే అని మనకే తెలుసు. అటువంటి చోట ఒక పనివాణ్ణి తల, పెద్ద అనే మాటతో తరతరాలుగా పిలుస్తూ రావడం మామూలు సంగతి కాదు. ఆ అర్థం పిలిచేవాళ్లకు తెలియకపోవచ్చు. 'సరంగుగారూ' అని పిలిచినప్పుడు గొంతులో వచ్చే మర్యాద మాత్రం ఆ అర్థానికి తగ్గట్టే ఉంటుంది.

అందుకే ఇప్పుడు కరపత్రాల్లో, టికెట్ల మీద, ప్రకటనల్లో 'బోటు డ్రైవర్' అని చూస్తే బాధ కలుగుతుంది. పరాయి మాట కాబట్టి కాదు, సరంగూ పరాయిదే. డ్రైవరుకు రోడ్డు ఉంటుంది. రోడ్డు నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. ఏటిలో దారి ప్రతి వరదకూ మారుతుంది. నిన్న లోతున్నచోట ఇవాళ మేట. చదివి తెలుసుకోవలసిన దారి అది. డ్రైవర్ అన్న మాటలో ఆ చదువు లేదు. ఇంకోవైపు పండితులు 'నౌకాచోదకుడు' అంటారు. ఆ మాటను రేవులో ఎవరూ పలకలేదు, పలకబోరు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు, ఆ విషాదపు వార్తల్లో రోజుల తరబడి సరంగు అన్న మాట అచ్చయింది. ఆ బోటును పైకి తీయడానికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చింది. కడలి అలవాటున్న మనుషులు తమ లంగర్లు, ఇనుప తాళ్లు పట్టుకొని ఏటికి ఎదురెక్కి వచ్చారు. అక్టోబరు 22న బోటును ఒడ్డుకు లాగారు. లంగరును లోపలికి వేసి నేల వెతకడం, కొక్కేనికి తగిలినదాన్ని బరువును బట్టి గుర్తుపట్టడం: అబుల్ ఫజల్ కాలపు ఖలాసీకి కూడా అర్థమయ్యే పని.

2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. వరరామచంద్రపురం, కూనవరం అటు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. పాపికొండలకు లాంచీ ఎక్కాలంటే భద్రాచలం నుంచి రోడ్డు మీద పోచవరం రేవుకు పోవాలి. పోలవరం పూర్తయితే నీరు నిలుస్తుంది. నిలిచిన నీటికి సుళ్ల పేర్లు, మలుపుల పేర్లు, వేసవిలో బయటపడే రాళ్ల పేర్లు అవసరం ఉండవు. అవసరం తీరిన మాట ఎంతో కాలం నిలవదు. అది పోకముందే రాసిపెట్టుకోవాలి.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయం మీద. చేనేత సంపుటం 1971లో. ఊరూరా తిరిగి, రైతును, సాలెవారిని కూర్చోబెట్టి అడిగి, నాగలిలో ప్రతి ముక్కకూ, మగ్గంలో ప్రతి దారానికీ ఏ జిల్లాలో ఏ మాట అన్నది రాసిపెట్టిన పని అది. అదే పద్ధతిలో ఎగువ గోదావరి పడవపనికి ఒక సంపుటం కావాలి. పోచవరంలో, కూనవరంలో, శ్రీరామగిరిలో, పేరంటాలపల్లిలో వయసు మళ్లిన సరంగుల్ని, కళాసీల్ని, వెదురు తెప్పలు కట్టినవాళ్లని అడగాలి. తెలుగులోనూ కోయలోనూ అడగాలి. శబరి వచ్చి గోదావరిలో కలిసేచోట రెండు నీళ్ల మధ్య గీతను ఏమంటారు? గెడకు అందని లోతును ఏమంటారు? ఎదురుగాలిని, వెనకగాలిని, కొండల సందున తిరిగే గాలిని ఏమంటారు? లాంచీ రేవుకు ఆనే ముందు ముక్కు దగ్గర నిలబడ్డ కళాసీ సరంగుకు వేసే కేక ఏమిటి, చేత్తో చేసే సైగ ఏమిటి? మంచు పట్టిన మార్గశిరపు తెల్లవారుజామున ఒడ్డు కనపడకపోతే దేన్ని విని దారి పడతారు? తెప్పోత్సవం నాడు స్వామి హంసవాహనాన్ని తిప్పే పడవవాళ్ల మాటలు వేరే ఉన్నాయా?

రాయడానికి ఎక్కువ సరంజామా అక్కర్లేదు. ఒక రికార్డరు, ఒక పుస్తకం, వేసవిలో నీరు తగ్గి రాళ్లు బయటపడ్డ కొన్ని వారాలు చాలు. పేరు చెప్పేటప్పుడు ఆ రాయిని వేలుపెట్టి చూపించగలగాలి కాబట్టి ఏప్రిల్, మే నెలలే మంచివి.